పాత బళ్ల మీటర్లు పారేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత కార్ల ర్యాలీ జరిగినప్పుడల్లా మీ పత్రికలో ఫోటోలు వేస్తారు. తళతళలాడే రంగు, క్రోమ్ బంపర్లు, పక్కన నిలబడి సెల్ఫీలు దిగేవాళ్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. నేను విజయవాడలో బళ్ల మీటర్ల పని చేస్తుంటాను. స్పీడోమీటర్లు, పెట్రోల్ మీటర్లు, హీట్ మీటర్లు, ఆయిల్ మీటర్లు, యాంప్ మీటర్లు, ఏదైనా సరే. మా నాన్నదీ ఇదే పని. అందుకే ర్యాలీకి వెళ్తే ముందు అద్దంలోంచి డ్యాష్‌బోర్డు వైపే చూస్తాను, చూశాక చాలాసార్లు మనసు చివుక్కుమంటుంది. అరవై ఏళ్ల బండికి లక్షలు పోసి రంగు వేయించి, సీట్లు కుట్టించి, తీరా మీటర్ల దగ్గరికి వచ్చేసరికి అసలువి పీకేసి మార్కెట్లో దొరికినవేవో బిగించేస్తున్నారు. ఇంకొందరు డయల్ మాత్రం ఉంచి లోపలి యంత్రమంతా తీసేసి ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టిస్తున్నారు. పీకింది తుక్కులోకి పోతుంది. దయచేసి ఇది ఆపండి అని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

"పనిచేయట్లేదు, అందుకే మార్చాం" అంటారు అందరూ. పనిచేయకపోవడానికి కారణం మీటరులోనే ఉండాలని ఏముంది? ఆమధ్య గుంటూరు వైపు నుంచి ఒకాయన పాత అంబాసిడర్ తెచ్చారు. ట్యాంకులో పెట్రోలు సగమే ఉన్నా ముల్లు ఫుల్ దాటి అవతలికి పోతోంది, హీట్ మీటరు కూడా బండి స్టార్ట్ చేసిన కాసేపటికే చివరికి ఎగబాకుతోంది, ఇంజను చూస్తే చల్లగానే ఉంది. బండికి రంగు వేసిన షెడ్డువాళ్లు రెండు మీటర్లూ పోయాయి, కొత్తవి వేసేద్దాం అన్నారట. రెండు మీటర్లు ఒకేసారి ఒకే రకంగా తప్పు చూపిస్తున్నాయంటే ముందు చూడాల్సింది రెండింటికీ కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో అక్కడ. ఈ రకం మీటర్లకు బ్యాటరీలోని 12 వోల్టులు నేరుగా వెళ్లవు. వెనకాల రెండు వేళ్ల మధ్య పట్టేంత రేకు డబ్బా ఒకటి ఉంటుంది, వోల్టేజ్ స్టెబిలైజర్. అందులో రెండు లోహాలు అతికించిన పట్టీ, దాని చుట్టూ సన్నటి తీగ. తీగ వేడెక్కితే పట్టీ వంగి కరెంటు తెగుతుంది, చల్లారితే మళ్లీ తగులుతుంది, అలా తగులుతూ తెగుతూ సగటున 10 వోల్టులు పంపుతుంది. బ్యాటరీ కాస్త అటూ ఇటూ అయినా ముల్లు నిలకడగా ఉండాలని ఆ ఏర్పాటు. ఆ డబ్బాకు ఎర్త్, అంటే బండి రేకుతో ఉండే కరెంటు కలయిక, పోయిందనుకోండి, తీగ వేడెక్కదు, పట్టీ వంగదు, 12 వోల్టులూ ఆగకుండా మీటర్లకు పోతాయి, ముళ్లు రెండూ పైకి లేస్తాయి. ఆయన బండిలో జరిగింది ఇదే. డ్యాష్‌బోర్డు రేకుకు వెనక కూడా మందంగా రంగు కొట్టేశారు, ఎర్త్ తగలాల్సిన చోట రంగు అడ్డం పడింది. ఎమెరీ పేపరుతో రూపాయి బిళ్లంత మేర గీకి డబ్బా మళ్లీ బిగిస్తే సరిపోయింది. మీటర్లు రెండూ పాతవే, ఇప్పటికీ సరిగ్గా చూపిస్తున్నాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ రకం మీటరు బతికుందో లేదో చూద్దామని బ్యాటరీ వైరు తెచ్చి నేరుగా తగిలిస్తారు కొందరు, దాంతో లోపలి తీగ కాలిపోయి, అప్పటిదాకా బాగున్న మీటరు నిజంగానే పోతుంది.

పెట్రోల్ మీటరు ఒక్కటే ఎప్పుడూ ఖాళీ చూపిస్తుంటే ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే యూనిట్ విప్పి చూడండి. అందులో పెట్రోలు మీద తేలే ఇత్తడి ఫ్లోటుకు సూదిమొనంత రంధ్రం పడితే చాలు, పెట్రోలు లోపలికి చేరి ఫ్లోటు మునిగిపోతుంది. వేడినీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అదే రంధ్రం. లోపలి పెట్రోలంతా తీసేసి, పూర్తిగా ఆరిందని తేలాకే టంకం పెట్టాలి, ఆవిరి మిగిలి ఉంటే చేతిలోనే పేలుతుంది. ఇంకా పాత బళ్లలో కార్కు ఫ్లోట్లు ఉంటాయి, వాటికి లక్క పూత. లక్కను వడ్రంగులు స్పిరిట్‌లో కరిగించే కదా పాలిష్ వేసేది, ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది ఆ పూతను కరిగిస్తుంది. ఈ ఒక్క చోట మాత్రం పాతదే ఉండాలని నేను పట్టుబట్టను. ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోటు వేసుకోండి, పాత ఫ్లోటు ఓ డబ్బాలో దాచుకోండి.

స్పీడోమీటరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువగా పాడుచేస్తున్నది దాన్నే. గేర్ బాక్సు నుంచి వచ్చే కేబులు మీటరు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద పలచటి అల్యూమినియం కప్పు, ఆ కప్పు ఇరుసుకే ముల్లు. కప్పూ అయస్కాంతమూ ఒకదాన్నొకటి తాకవు, అల్యూమినియం మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు కూడా. అయినా అయస్కాంతం తిరుగుతుంటే కప్పులో చిన్న చిన్న కరెంటు సుడులు పుట్టి దాన్ని తనతో పాటు లాగుతాయి, సన్నటి హెయిర్ స్ప్రింగు వెనక్కి లాగుతుంది, రెండు లాగుళ్లూ సమానమైన చోట ముల్లు నిలబడుతుంది. 1902లో ఒట్టో షుల్జ్ అనే ఆయన బెర్లిన్‌లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. మొన్నమొన్నటి వరకూ మన స్కూటర్లలోనూ ఇదే ఉండేది. నేను రోజూ విప్పుతూనే ఉంటాను, అయినా ఇప్పటికీ ఆ కప్పును వేళ్ల మధ్య పట్టుకుంటే ఎంత తెలివైన పనో అనిపిస్తుంది.

ఇంత సున్నితమైన దాంట్లోకి గ్రీజు పోతే ఏమవుతుంది? కేబులు చప్పుడు చేస్తోందనో, ముల్లు వణుకుతోందనో కేబులు నిండా గ్రీజు కుక్కుతారు. తిరిగే కేబులు దాన్ని మెలికల వెంట పైకి ఎక్కించి మీటరులోకి పంపుతుంది. కప్పుకూ అయస్కాంతానికీ మధ్య గ్రీజు పడిందంటే ముల్లు ఒక్కసారిగా చివరికి పోయి అక్కడే కొట్టుకుంటుంది, హెయిర్ స్ప్రింగు మెలిపడుతుంది, ఇక మీటరు పోయిందని తీర్మానం చేసేస్తారు. కేబులుకు గ్రీజు కావాల్సిందే, కానీ పలచగా రాయాలి, మీటరు వైపు జానెడు మేర వదిలేయాలి. గ్రీజు చేరిన మీటరును విప్పి, కప్పు, అయస్కాంతం శుభ్రంగా తుడిచి, బేరింగులో గడియారం నూనె ఒక్క చుక్క వేస్తే చాలావరకు బాగుపడుతుంది. సందులోంచి తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం మాత్రం ఎవరూ చేయకండి. అది దుమ్మును జిగురుగా మార్చి లోపలే ఉంచుతుంది.

అలాగే ఒక బండి మీటరు ఇంకో బండికి వేస్తే సరిపోతుందని అనుకోకండి. ఇంగ్లండు స్మిత్స్ కంపెనీ మీటర్ల డయల్ మీద కింద చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది, మైలు దూరానికి కేబులు ఎన్నిసార్లు తిరగాలో అది చెబుతుంది. బండి బండికీ ఆ అంకె మారుతుంది. అమెరికా లెక్కలో, అంటే విల్లీస్ జీపుల వంటి వాటికి, అది మైలుకు 1000 చుట్లు. దాంతో పరీక్ష తేలిక. కేబులు తిరిగే దిక్కు చూసుకొని డ్రిల్లు మిషనుతో నిమిషానికి 1000 చుట్లు తిప్పితే ముల్లు 60 మైళ్ల దగ్గర నిలబడాలి. యాభై దగ్గరే ఆగిపోతే అయస్కాంతం బలం తగ్గిందని అర్థం, వయసైన మీటర్లలో ఇది మామూలే. ఇలాంటి మీటరు ఉన్న బండి నడపడం ప్రమాదం కూడా, మీరు యాభైలో వెళ్తున్నాననుకుంటారు, బండి అరవైలో పోతుంటుంది. అయస్కాంతానికి మళ్లీ బలం ఎక్కించవచ్చు. ముందు పూర్తిగా ఎక్కించి, తర్వాత కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ముల్లు సరైన చోటికి వచ్చేదాకా చూసుకోవాలి. ఓపిక ఉంటే మధ్యాహ్నానికల్లా అయిపోయే పని.

ఇక కిలోమీటర్ల చక్రాలు, ఓడోమీటరు. రిస్టోరేషన్ అయిపోయింది కదా, కొత్త బండిలా సున్నా నుంచి మొదలుపెడదాం అని అడిగేవాళ్లు ఉన్నారు. నేను చేయను, డబ్బులు వదులుకున్నా సరే. అది ఆ బండి నడిచిన దూరం, దాన్ని చెరిపే హక్కు మెకానిక్‌కు లేదు, యజమానికి కూడా లేదనే నా అభిప్రాయం. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం ఒక పాత షెవర్లే వ్యానే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల 1912 నాటి రోల్స్ రాయిస్ పసుపు రంగులో ఇప్పటికీ నిలబడి ఉంది. అలాంటి బళ్లలో ఆ అంకెలను ఎవరైనా సున్నాకు తిప్పితే ఊరుకుంటామా? మన తాతగారి ఫియట్‌కు మాత్రం ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు? విరిగిన పళ్ల చక్రం మార్చాల్సి వచ్చినా, విప్పేముందు ఫోటో తీసుకుని అదే అంకె దగ్గర మళ్లీ బిగించాలి.

మైళ్ల డయల్‌ను కిలోమీటర్లకు మార్చమని కూడా అడుగుతారు. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు మొదలై తర్వాత రోడ్డు పక్క రాళ్లు కూడా కిలోమీటర్లలోకి మారాయి, అంతకుముందు బళ్లన్నీ మైళ్లవే. కొత్త డయల్ ముద్రించి అతికిస్తే ముల్లు కిలోమీటర్లు చూపించినా, కింద చక్రాలు మైళ్లే లెక్కపెడుతూ ఉంటాయి, పళ్ల చక్రాలు మార్చితే తప్ప. ఆ తర్వాత కొనేవాడికి ఆ అంకె ఏమిటో ఎలా తెలుస్తుంది? మైళ్లది మైళ్లదిగానే ఉండనివ్వండి. కావాలంటే 30, 50 మైళ్లకు ఎన్ని కిలోమీటర్లో చిన్న కాగితం మీద రాసి స్టీరింగు కాలమ్‌కు అంటించుకోండి.

డయల్ శుభ్రం చేసేటప్పుడు దయచేసి స్పిరిట్, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. పాత డయళ్ల మీద అంకెలు పలచటి ఇంకుతో స్క్రీన్ ప్రింటు చేసినవి. తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే 40లో సున్నా గుడ్డకు వచ్చేస్తుంది. మెత్తటి పొడి బ్రష్షు, గాలి ఊదే రబ్బరు బుడ్డి, అంతకు మించి వద్దు. కొంచెం పసుపు తిరిగినా, అంచున చిన్న మరక ఉన్నా చదవగలిగితే అలాగే వదిలేయమంటాను. వెలుతురు తక్కువగా ఉందని పెద్ద బల్బు వేస్తారు చూడండి, దాని వేడికి డయల్ పొక్కులు లేస్తుంది. అసలు కిటుకు మీటరు డబ్బా లోపల ఉంది. బల్బు వెలుగు తిరిగి డయల్ మీద పడాలని ఆ రేకు లోపల తెల్లరంగు వేసి ఉంటుంది, ఏళ్ల తరబడి అది గోధుమరంగుకు మారుతుంది. లోపల మళ్లీ తెల్లరంగు వేస్తే అదే పాత 2.2 వాట్ల బల్బుతో రాత్రి చక్కగా కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని పాత హీట్ మీటర్లు. కరెంటుతో సంబంధం లేని రకం. ఇంజను దగ్గర ఒక ఇత్తడి గొట్టం, అందులో ఈథర్ ద్రవం, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు దాకా దారం లాంటి రాగి గొట్టం. ఇంజను వేడికి ఈథర్ ఆవిరై ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి మీటరులో వంచి పెట్టిన పలచటి గొట్టం నిటారు కాబోతుంది, దాని చివర ముల్లు కదులుతుంది. 1849లో ఫ్రాన్సులో యూజీన్ బోర్డాన్ కనిపెట్టిన గొట్టం అది, వెల్డింగ్ షాపుల గ్యాస్ సిలిండర్ల ప్రెజర్ మీటర్లలో కూడా అదే. ఇంజను దించేటప్పుడు ఆ రాగి గొట్టం సంగతి మరిచిపోయి లాగేస్తారు, తెగుతుంది, ఈథర్ గాలిలో కలిసిపోతుంది, మీటరు చచ్చిందని పారేస్తారు. అది చావలేదు! అదే రకం చవక మీటరు కొత్తది ఒకటి కొనండి. దాని ఇత్తడి గొట్టాన్ని ఉప్పు కలిపిన ఐసులో ముంచి ఉంచితే ఈథర్ ద్రవంగానే ఉంటుంది. అప్పుడు దాని రాగి గొట్టం కోసి, పాత మీటరు నుంచి వచ్చే గొట్టంతో చిన్న ఇత్తడి తొడుగులో కలిపి టంకం పెట్టాలి. అయ్యాక మరిగే నీళ్లలో ముంచితే ముల్లు 100 డిగ్రీలు, పాత డయల్ అయితే 212, చూపించాలి.

ఈథర్ దాదాపు 35 డిగ్రీలకే మరుగుతుంది. మా విజయవాడ ఎండల్లో నీడలోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకని ఈ పని వేసవిలో తెల్లవారుజామునే పెట్టుకుంటాను, ఐసు పక్కన సిద్ధంగా ఉండాలి. ఈథర్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, మంట పెట్టి టంకం వేయడం కొరివితో తల గోక్కోవడమే. కరెంటు సోల్డరింగ్ ఐరన్‌ను కూడా దూరంగా వేడిచేసి, ప్లగ్గు పీకి అప్పుడు తెస్తాను, తలుపులు కిటికీలు తీసి ఉంచుతాను. చేయి తిరగనివాళ్లు ఇంట్లో ప్రయత్నించవద్దు, తెలిసినవాళ్ల చేత చేయించుకోండి.

యాంప్ మీటరు గురించి రెండు ముక్కలు. పాత బుల్లెట్‌లో స్పీడోమీటరు పక్కన ఉండే ఆ చిన్న మీటరును చాలామంది తీసేసి బొమ్మది పెడతారు. లైటు వేస్తే ముల్లు మైనస్ వైపు వాలడం, ఎక్సలేటర్ ఇస్తే ప్లస్ వైపు లేవడం, చార్జింగు ఉందో లేదో చెప్పేది అదే. బండి కరెంటులో చాలావరకు దాని గుండానే పోతుంది కాబట్టి వెనక నట్టులు లూజుగా ఉంటే వైర్లు కాలతాయి, ఆ భయంతోనే తీసేస్తుంటారు. నట్టులు బిగించి, కొత్త వైరు, కొత్త టెర్మినళ్లు వేస్తే భయం లేదు.

రేడియం గురించి మాత్రం ఈ పని చేసే పిల్లలందరికీ తెలియాలి. నేను అనేది స్టిక్కర్ షాపుల్లో అమ్మేది కాదు, రేడియేషన్ వెదజల్లే అసలు రేడియం. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలటరీ జీపులు, విమానాల మీటర్లలో కొన్నింటికి అంకెలు చీకట్లో వెలగాలని ఆ పెయింటు వేసేవారు. ఇప్పుడు అవి వెలగవు. వెలిగేది అందులో కలిపిన జింక్ సల్ఫైడ్, అది పాడైపోయింది, రేడియం మాత్రం అలాగే ఉంది, సగం తగ్గడానికే దానికి 1600 ఏళ్లు పడుతుంది. వెలగడం లేదు కదా అని గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమెరికాలోని న్యూజెర్సీలో 1920ల్లో గడియారాల డయళ్లకు ఈ పెయింటు వేసిన ఆడపిల్లలు బ్రష్షును పెదాలతో మొన చేసుకునేవారు, వాళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయాయి, కొందరు చనిపోయారు, కోర్టుకెక్కాక 1928లో పరిహారం దక్కింది. మన దగ్గర కూడా 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో కోబాల్ట్-60 అనే రేడియేషన్ పదార్థం బయటపడి ఒకరు చనిపోయారు. తుక్కులో వచ్చిన యుద్ధకాలపు మీటరు అంకెల మీద గోధుమరంగుకు తిరిగిన మందపాటి పెయింటు కనిపిస్తే దాన్ని విప్పకండి, గీకకండి, మూత ఉన్న డబ్బాలో పెట్టి పిల్లలకు దూరంగా ఉంచండి, రేడియేషన్ కొలిచే పరికరంతో చూపించాకే ముందుకు వెళ్లండి. అసలుది కాపాడాలని ఇంత చెప్పిన నేనే, ఆ ఒక్కదాన్ని ముట్టుకోవద్దని బతిమాలుతున్నాను.

ఇప్పుడు ప్రభుత్వానికి ఒక మాట. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన సొంత బళ్లకు నంబరులో "వీఏ" అక్షరాలు ఇస్తారు, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనుకు పెద్ద మార్పులు చేసి ఉండకూడదు అన్నారు. మంచి నిబంధనే. డ్యాష్‌బోర్డు మాటే అందులో లేదు. దాంతో మీటర్లన్నీ పీకేసినా అసలు రూపం కిందికే వస్తుంది. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు ఓడోమీటరు అంకె ఎంతో, మీటర్లు అసలువా మార్చినవా అనేది ఒక్క వరుసలో రాసుకుంటే ఎవరికీ భారం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఈ సూచన కేంద్రానికి పంపాలని కోరుతున్నాను.

ఎలక్ట్రానిక్స్ అంటే నాకు పడదని అనుకోవద్దు. పాత స్టెబిలైజర్ నిజంగా పోతే అదే రేకు డబ్బాలో చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టి ఇస్తాను, రేపు ఎవరైనా వెనక్కి మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు. పాత ఇంగ్లీషు బళ్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ వైపు బండి రేకుకు కలిపి, ఉంటుంది, అలాంటివాటికి ఆ భాగం దానికి తగ్గట్టు కట్టాలి, లేకపోతే వేసిన వెంటనే కాలిపోతుంది. వెనక్కి తీయలేని మార్పులకే నేను ఒప్పుకోను.

చివరిగా, ఈ పని తెలిసినవాళ్లు ఆటోనగర్‌లోనే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. కొత్త బళ్లలో అన్నీ స్క్రీన్లే కాబట్టి పిల్లలు ఇటు రావడం లేదు, వాళ్ల తప్పు కాదు. ఐటీఐల్లో ఆటో ఎలక్ట్రికల్ నేర్పే మాస్టార్లు ఒప్పుకుంటే వారానికి ఒక పూట వచ్చి ఊరికే నేర్పుతాను. పాత స్కూటర్ మీటర్లు నాలుగు, ఒక డ్రిల్లు మిషను, వేడినీళ్ల గిన్నె ఉంటే మొదలుపెట్టవచ్చు. మీ పత్రిక ద్వారా ఎవరైనా ముందుకొస్తే నా చిరునామా మీ ఆఫీసులో ఇచ్చి ఉంచాను, అడిగినవాళ్లకు ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక మీటర్ల మెకానిక్,
విజయవాడ